విభక్తిని ‘పడటం’ అని ఎందుకన్నారు? లాటిన్ వ్యాకరణం వెనక తత్వవేత్తలు

మైన్_ఒడ్డున
శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడ జిమ్నాజియంలో ఏడో క్లాసు. ఈ ఏడాది లాటిన్ తీసుకుంది. ఫ్రిజ్ మీద పట్టిక అంటించుకుని, ఇడ్లీ తింటూ వల్లె వేస్తూ ఉంటుంది. ఇవాళ పొద్దున్న తినడం ఆపి అడిగింది: "నాన్నా, జర్మన్‌లో విభక్తిని ‘ఫాల్’ అంటాం కదా. ఫాల్ అంటే పడటం. ఏం పడింది? ఎక్కణ్ణుంచి పడింది?"

నాకు తట్టలేదు. విభక్తి అంటే మన భాషలో విడదీసేది అని ఏదో చెప్పి తప్పించుకోబోయా. ఊరుకుంటేనా! "సరే, నాలుగోదాన్ని అక్కుజాటివ్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకి నేరం మోపడం అని అర్థముంది. ‘నేను పిల్లిని చూశాను’ అంటే పిల్లి ఏం తప్పు చేసినట్టు?" అంది.

నేను చదివింది మెకానికల్. డు-ము-వు-లు దగ్గర మన చదువు ఆగింది. ఎవరికైనా తెలిస్తే పిల్లకి చెప్పగలిగేలా చెప్పండి.


పాత_సెమినరీ
శనివారం, రాత్రి 10:15

పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదండీ. జర్మన్ ‘ఫాల్’ లాటిన్ ‘కాసుస్’కి అనువాదం. ‘కాదెరె’ అంటే పడటం, దాన్నుంచి కాసుస్. అది మళ్ళీ గ్రీకు ‘ప్టోసిస్’కి అనువాదం. అదీ పడటమే. ఇంగ్లీషు ‘కేస్’ కూడా ఈ కాసుసే. మన కోర్టు కేసూ అదే మాట, ‘వచ్చిపడినది’ అన్న అర్థంలో.

నేను సెమినరీలో రెండేళ్ళు లాటిన్ చదివాను. రోజా, రోజే, రోజే, రోజామ్ అని గోడకేసి చూస్తూ అప్పజెప్పడమే. ఎందుకు పడింది అని నాకు అడగాలని కూడా తోచలేదు. అదీ నా చదువు.


లెక్టన్
ఆదివారం, ఉదయం 7:05

కాఫీ తాగుతూ రాస్తున్నా. పొడుగైతే ఏమనుకోకండి.

‘ప్టోసిస్’ అన్న పారిభాషిక పదం మనకి మొదట దొరికేది వ్యాకర్తల దగ్గర కాదు, అరిస్టాటిల్ దగ్గర. ఆయన లెక్కలో అది విభక్తి ఒక్కటే కాదు. పేరు రూపం మారినా, క్రియ భూతంలోకో భవిష్యత్తులోకో వెళ్ళినా, విశేషణం నుంచి క్రియావిశేషణం పుట్టినా అన్నీ ‘పడినవే’. ‘ఫిలోను యొక్క’, ‘ఫిలోనుకు’ అనేవి అసలు పేర్లే కావంటాడు. ఎందుకంటే ఆయన చూపు తర్కం మీద. ‘ఫిలోను ఉన్నాడు’ అంటే అది నిజమో అబద్ధమో తేల్చవచ్చు. ‘ఫిలోను యొక్క ఉన్నాడు’ అంటే? తేల్చడానికి అక్కడేమీ లేదు. నిజం అబద్ధం మోయగలిగిన రూపమే పేరు. తక్కినవి దాన్నుంచి జారినవి.

తర్వాత ఏథెన్స్‌లోనే స్టోయిక్‌లనే తత్వవేత్తల బృందం వచ్చింది. వాళ్ళలో ముఖ్యుడు క్రిసిప్పస్ కాలం అంటే క్రీ.పూ. 3వ శతాబ్దం. వీళ్ళ సంప్రదాయం ప్టోసిస్‌ని నామాలకి పరిమితం చేసింది, పైగా ప్రథమా విభక్తిని కూడా అందులోకి లాగింది. అరిస్టాటిల్ పక్షంవాళ్ళు పట్టుకున్నారు: నిటారుగా ఉన్న ప్రథమని పడిందంటారేమిటి, దేన్నుంచి పడింది? సరిగ్గా మీ అమ్మాయి ప్రశ్నే!

అలెగ్జాండ్రియాలో క్రీ.శ. 500 ప్రాంతంలో పాఠాలు చెప్పిన అమ్మోనియస్ ఈ గొడవని తన వ్యాఖ్యానంలో భద్రంగా దాచిపెట్టాడు. స్టోయిక్‌ల జవాబు ఇది: మాట మనసులోని భావం నుంచి పడుతుంది. ‘సోక్రటీస్’ అనగానే లోపలున్న సోక్రటీస్ భావం నుంచి ఆ పేరు బయటికి పడింది. మరి నిటారు సంగతి? చేతిలోంచి గంటం జారి, మొన నేలలో గుచ్చుకుని నిలబడిందనుకోండి. నిలబడే ఉంది, అయినా పడిందే కదా. ప్రథమ అలాంటిది. అందుకే గ్రీకులో దానికి ‘నిటారు’ అనీ, తక్కినవాటికి ‘ఒరిగినవి’ అనీ పేర్లు. లాటిన్‌వాళ్ళు రెక్టుస్, ఒబ్లిక్వుస్ అని మార్చుకున్నారు.

పిల్లకి గంటం అంటే తెలియకపోతే పెన్సిలు చెప్పండి.


కందిపొడి
ఆదివారం, ఉదయం 8:31

అన్నా, గంటం ఉదాహరణ బావుంది గానీ ఒక డౌటు. నిజం అబద్ధం మోసేది ప్రథమ ఒక్కటే అయితే ‘నాకు ఆకలేస్తోంది’ మాటేమిటి? ఇందులో నేను ప్రథమలో లేను, ఒరిగిపోయి ఉన్నాను. కానీ ఆకలి మాత్రం పచ్చి నిజం. ఉప్మా ఇంకా కాలేదు.


లెక్టన్
ఆదివారం, ఉదయం 9:10

ఆకలితోనే మంచి పాయింటు పట్టావ్.

స్టోయిక్‌లు దీన్ని చూశారు. ‘సోక్రటీస్ నడుస్తున్నాడు’ ఒక రకం. దానికి ‘సింబమా’ అని పేరు. ‘సోక్రటీసుకు పశ్చాత్తాపం కలుగుతోంది’ ఇంకో రకం, ‘పరాసింబమా’. గ్రీకులో ఇక్కడ సోక్రటీస్ అచ్చం మన ‘కు’ లాంటి విభక్తిలో ఉంటాడు. లాటిన్‌లో ఇంకా వింత: ‘సోక్రటెమ్ పెనితెత్’. అంటే మాటకి మాట మారిస్తే ‘సోక్రటీస్‌ని పశ్చాత్తాపిస్తోంది’. ఎవరు పశ్చాత్తాపింపజేస్తున్నారో వాక్యంలో లేదు.

వాళ్ళు ఇంత తాపత్రయపడింది బళ్ళో పిల్లలకి చెప్పడానికి కాదు. వాళ్ళ దృష్టిలో లోకంలో ఉన్నదంతా శరీరమే. రాయి శరీరం, ఆత్మ కూడా శరీరమే. కానీ ‘నడుస్తున్నాడు’ అన్న మాటకి అర్థముందే, అది శరీరం కాదు. దానికి ‘లెక్టోన్’ అని పేరు పెట్టారు, ‘చెప్పదగినది’ అని. (నా హ్యాండిల్ అక్కణ్ణుంచే దొంగిలించా.) ఆ చెప్పదగినవాటిలో ఏది పూర్ణం, ఏది అపూర్ణం, దేనికి ఏ విభక్తి కలిస్తే పూర్ణమవుతుంది అని లెక్కలు వేస్తూ వెళ్ళారు. ఆ లెక్కల పుస్తకంలోంచి చిరిగిన కాగితాలే తర్వాతి వ్యాకరణాలకి చేరాయి.

తెలుగువాళ్ళకి ఇది సులువుగా ఎక్కాలి. మనకి కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, జ్వరం వస్తుంది, అన్నీ మనకి ‘వస్తాయి’. మనం పరాసింబమాల్లో బతికే జాతి.


గుంటూరు_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 12:20

నాయనలారా, తెలుగు పాఠం చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి. ఆసక్తిగా చదువుతున్నాను. కానీ ఒక చిన్న అభ్యంతరం.

వ్యాకరణమంతా తత్వవేత్తలే కన్నారన్నట్టు మాట్లాడుతున్నారు. కావ్యాలు చదువుకునేవాళ్ళు ఏమయ్యారు? అలెగ్జాండ్రియాలో అరిస్టార్కస్ హోమరు పాఠాన్ని పంక్తి పంక్తీ పరిష్కరించాడు. ఆయన శిష్యుడు డయొనీసియస్ థ్రాక్స్ క్రీ.పూ. 100 ప్రాంతంలో వ్యాకరణానికి ఏం నిర్వచనం ఇచ్చాడు? కవులూ వచన రచయితలూ సాధారణంగా ఎలా మాట్లాడతారో తెలిసిన అనుభవజ్ఞానం అన్నాడు. అనుభవజ్ఞానం! లెక్టోన్ లేదు, శరీరం లేదు. వ్యాకరణానికున్న ఆరు భాగాల్లో చివరిదీ శ్రేష్ఠమైనదీ కావ్యవిమర్శ అని కూడా అన్నాడు. నాకు ఈయన మన మనిషిలా అనిపిస్తాడు.

ఇంకొకటి. పరాయి భాష చట్రంలో సొంత భాషని కూర్చోబెట్టడం మనకీ తెలిసిన పనే. మన విభక్తుల పట్టికలో చతుర్థికి ‘కొఱకు, కై’ ఇచ్చి, రోజంతా వాడే ‘కి, కు’లని షష్ఠిలో ‘యొక్క’ పక్కన కూర్చోబెట్టారు. పిల్లలు అడిగేవాళ్ళు, ‘రాముడికి ఇచ్చాను’ షష్ఠి ఎలా అయింది మాస్టారూ అని. సంస్కృతం అచ్చులో పోత పోసిన పట్టిక అది. రోమనులకీ గ్రీకుతో ఇదే ఇబ్బంది వచ్చి ఉండాలి. సెమినరీ అబ్బాయి చెప్పాలి.


పాత_సెమినరీ
ఆదివారం, సాయంత్రం 4:48

వచ్చింది మాస్టారూ. అమ్మాయిగారి రెండో ప్రశ్నకి జవాబు ఆ ఇబ్బందిలోనే ఉంది.

గ్రీకులో ద్వితీయకి ‘ఐతియాతికె’ అని పేరు. ‘ఐతియా’ అనే మాటకి రెండర్థాలు: కారణం, నేరారోపణ. పేరు పెట్టినవాళ్ళ ఉద్దేశం కారణానికి సంబంధించినది అని ఉండొచ్చని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ‘ఇల్లు కట్టాడు’లో ఇల్లు ఆ పని వల్ల కలిగినది, కార్యం. రోమన్లు రెండో అర్థం పట్టుకున్నారు. రోమన్ పండితుడు వర్రో దీన్ని ‘నిందించే విభక్తి’ అనే రాస్తాడు. కార్యకారణ సంబంధం కాస్తా కోర్టు కేసయింది. పిల్లి ఏ తప్పూ చేయలేదని చెప్పండి, తప్పు అనువాదానిది. క్రీ.శ. 6వ శతాబ్దంలో ప్రిస్కియన్ అనే లాటిన్ వ్యాకర్తకి అనుమానం వచ్చినట్టుంది, ‘అక్కుసాటీవుస్ లేదా కౌసాటీవుస్’ అని రెండూ ఇచ్చాడు. కానీ అప్పటికే మొదటిది నోళ్ళలో నానిపోయింది.

షష్ఠిదీ ఇంచుమించు ఇదే కథ. గ్రీకు ‘గెనికె’లో జాతి, వర్గం అన్న ధ్వని ఉంది. లాటిన్ ‘గెనెటీవుస్’ దాన్ని పుట్టుక వైపు తిప్పింది. వర్రో అయితే ఏకంగా ‘తండ్రి విభక్తి’ అన్నాడు.


పాలమూరు_పోరడు
ఆదివారం, రాత్రి 8:02

మస్తుగున్నది ముచ్చట. గనీ నాదొక ప్రశ్న. రోమ్‌కి గీ వ్యాకరణం ఎట్ల వచ్చింది? గ్రీకోళ్ళ దగ్గర కాపీ కొట్టిన్రా, లేకుంటే ఎవరన్న వచ్చి చెప్పిన్రా?


పాత_సెమినరీ
ఆదివారం, రాత్రి 8:55

కాలు విరిగి వచ్చింది తమ్ముడూ. హాస్యం కాదు.

పెర్గమోన్ రాజు రాయబారిగా మల్లోస్ ఊరి క్రేటీస్ అనే పండితుణ్ణి రోమ్‌కి పంపాడు. క్రీ.పూ. 168 ప్రాంతం. ఈయన స్టోయిక్ భావాలున్నవాడు. పాలటైన్ కొండ దగ్గర మురుగు కాల్వ గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కదల్లేడు, ఇంటికి వెళ్ళలేడు. మంచాన ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకి పాఠాలు చెప్తూ కూర్చున్నాడు. రోమ్‌లో వ్యాకరణం చదువు అలా మొదలైందని రోమన్ జీవితచరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. ‘పడటం’ గురించి మాట్లాడే శాస్త్రం పడటంతోనే దిగుమతి అయింది.

క్రీ.పూ. 155లో ఏథెన్స్ ముగ్గురు తత్వవేత్తల్ని రాయబారానికి పంపింది. వాళ్ళలో బాబిలోన్ డయోజనీస్ ఒకడు, స్టోయిక్‌ల భాషాశాస్త్రానికి ముఖ్యుడు. కుర్రకారు వాళ్ళ ఉపన్యాసాలకి ఎగబడితే రోమన్ నాయకుడు ముసలి కేటోకి ఒళ్ళు మండింది, పని త్వరగా తేల్చి పంపించెయ్యండన్నాడు. మనుషులు వెళ్ళిపోయారు, మాటలు ఉండిపోయాయి.


పాలమూరు_పోరడు
ఆదివారం, రాత్రి 9:03

గోతిల పడి గురువైండు 😂


లెక్టన్
ఆదివారం, రాత్రి 11:30

కాపీ అన్నదానికి ఇంకో ముక్క. గ్రీకువాళ్ళు పదాల్ని ఎనిమిది రకాలుగా విడదీశారు. వాటిలో ఒకటి ఆర్టికల్ (ఇంగ్లీషు ‘ది’ లాంటిది). లాటిన్‌లో ఆర్టికల్ లేదు! మా భాషకి ఆర్టికల్స్ అక్కర్లేదు అని క్వింటిలియన్ 1వ శతాబ్దంలో తీసిపారేశాడు. అప్పుడు ఏడే కదా మిగలాలి? కానీ లెక్క ఎనిమిదే. ‘అయ్యో, అబ్బా’ లాంటివాటిని విడిగా లేపి ‘ఇంతెర్యెక్టియో’ అని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ కుర్చీ వేసినవాడని రెమ్మియుస్ పలేమోన్‌ని చెబుతారు. ఈయన బానిసగా పుట్టాడు. మొదట నేతపని నేర్చుకున్నాడు. యజమానురాలి కొడుకు బడికి వెళ్తుంటే వెంట వెళ్ళి, పక్కన నిలబడి చదువు నేర్చేసుకున్నాడు. స్వేచ్ఛ పొందాక రోమ్‌లో బడి పెట్టి ఏటా 4 లక్షల సెస్టర్సులు సంపాదించాడట. పొగరూ అంతే. వర్రో అంతటి పండితుణ్ణి పంది అన్నాడని స్వెటోనియస్ రాశాడు. తిబెరియస్, క్లాడియస్ ఇద్దరు చక్రవర్తులూ ఇతని దగ్గరికి పిల్లల్ని పంపొద్దన్నా బడి మాత్రం నిండుగానే ఉండేది.

మాస్టారి అభ్యంతరం మర్చిపోలేదు. రేపు.


గుంటూరు_మాస్టారు
సోమవారం, ఉదయం 6:10

వర్రోని పంది అన్నవాడికి అంత జీతమా!

ఆ వర్రో గురించి ఎవరైనా వివరంగా రాయండి. పేరు వినడమే గానీ ఎరగను.


పాత_సెమినరీ
సోమవారం, రాత్రి 9:20

నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే, కాబట్టి నేనే రాస్తా.

మార్కుస్ టెరెంటియుస్ వర్రో, క్రీ.పూ. 116 నుంచి 27 వరకు. గురువు ఐలియుస్ స్టిలో స్టోయిక్ అవ్వాలని ముచ్చటపడిన మనిషని సిసిరో అంటాడు. వర్రో లాటిన్ భాష మీద 25 భాగాల గ్రంథం రాశాడు. 5 నుంచి 10 దాకా మాత్రమే మిగిలాయి, అవీ చిల్లులతో. చాలా భాగం సిసిరోకి అంకితం.

8, 9, 10 భాగాల్లో ఒక పెద్ద వాదం నడుస్తుంది. భాషకి నియమం ఉందా, వాడుకే నియమమా? 8లో నియమానికి వ్యతిరేకంగా, 9లో నియమం తరఫున, రెంటికీ తనే వకీలుగా వాదిస్తాడు. 10లో తన మాట చెబుతాడు. మన దగ్గర పూర్వపక్షం, సిద్ధాంతం అంటామే, ఆ పద్ధతి. నియమం పక్షానికి అలెగ్జాండ్రియా అరిస్టార్కస్‌నీ, వాడుక పక్షానికి క్రేటీస్‌నీ (కాలు విరిగినాయనే!) నిలబెడతాడు. క్రిసిప్పస్ కూడా వాడుకలోని అపక్రమం మీద పుస్తకాలు రాశాడు. నిజంగా అప్పట్లో ఇలా రెండు పార్టీలుండేవా, లేక వర్రోయే రంగస్థలం కట్టాడా అన్నది ఇప్పటి పండితుల్లో చాలామందికి అనుమానం. నాకైతే కట్టాడనే అనిపిస్తుంది.

ఆయన ఉదాహరణలు చూడండి. గుర్రానికి ‘ఎక్వుస్’, ఆడగుర్రానికి ‘ఎక్వా’. మరి కాకికి ‘కోర్వుస్’ ఉంది, ‘కోర్వా’ ఎందుకు లేదు? నియమం ఏమైంది? వర్రో జవాబు: కాకుల్లో ఆడదో మగదో మనకి పనేముంది? పావురాల్ని కూడా ఒకప్పుడు అన్నిటినీ ‘కొలుంబా’ అనే పిలిచేవాళ్ళు. ఇళ్ళలో పెంచడం మొదలయ్యాక మగవాటికి ‘కొలుంబుస్’ అని వేరే మాట వచ్చింది. మనకీ అంతే కదా, కోడికి పుంజూ పెట్టా ఉన్నాయి, కాకి కాకే.

ఇంకోటి. ముగ్గురు ఎఫెసస్ సంతలో తలొక బానిసని కొన్నారు. ఒకడు అమ్మినవాడి పేరు అర్టెమిడోరుస్ కాబట్టి అర్టెమాస్ అని పెట్టాడు. ఇంకొకడు ప్రాంతం పేరు అయోనియా కాబట్టి ఇయోన్ అన్నాడు. మూడోవాడు ఊరి పేరుతో ఎఫెసియుస్ అన్నాడు. పేరు పెట్టడం ఎవడిష్టం వాడిది. కానీ ఒకసారి పెట్టాక, ఆ పేరుకి విభక్తులు చేర్చేటప్పుడు ముగ్గురూ ఒకే దారిలో నడుస్తారు. మొదటిది ఇష్టం, రెండోది ప్రకృతి అంటాడు వర్రో. పేర్లు ప్రకృతి వల్ల వచ్చాయా, ఒప్పందం వల్లా అని ప్లేటో ‘క్రాటిలస్’లో మొదలైన కొట్లాట ఉంది కదా. ఆ కొట్లాటని బానిసల సంతకి తీసుకొచ్చి సగం సగం పంచి ఇద్దర్నీ ఇంటికి పంపించేశాడు.

వ్యుత్పత్తుల్లో మాత్రం అప్పుడప్పుడు నవ్విస్తాడు. నక్క ‘వుల్పెస్’ ఎలా వచ్చిందంటే, పాదాలతో ఎగురుతుంది కాబట్టి ‘వోలి-పెస్’ అని గురువుగారి వ్యుత్పత్తి ఎత్తి చూపిస్తాడు.


కందిపొడి
సోమవారం, రాత్రి 9:41

మా తాతయ్య కూడా ఇంతే, ఏ ఊరి పేరు చెప్పినా ఒక కథ.


లెక్టన్
సోమవారం, రాత్రి 10:26

కోళ్ళంటే గుర్తొచ్చింది. వాక్యాల్లో రకాలనీ, పదాల్లో లింగాలనీ మొదట విడదీసినవాళ్ళలో సోఫిస్టు ప్రొటాగొరస్ ఉన్నాడు. క్రీ.పూ. 423లో అరిస్టోఫనీస్ తన నాటకంలో ఈ చదువుని ఏకిపారేశాడు. వేదిక మీది సోక్రటీస్ ముసలి రైతుకి పాఠం చెబుతాడు: పుంజునీ పెట్టనీ ఒకే మాటతో పిలుస్తావేంటి, పెట్టని ఇకనుంచి ఇలా పిలువు అని అప్పటికప్పుడు ఓ మాట పుట్టిస్తాడు. పుంజూ పెట్టా గొడవ వర్రో దాకా నాలుగు వందల ఏళ్ళు నడిచిందన్నమాట.

నియమం పార్టీలో పెద్ద పేరు ఇంకొకటి, జూలియస్ సీజర్. గాల్ యుద్ధాల మధ్య ఆల్ప్స్ దాటుతూ ఈ విషయం మీద రెండు భాగాల పుస్తకం రాసి సిసిరోకి అంకితమిచ్చాడు. పుస్తకం పోయింది, ఒక సలహా మిగిలింది: వినని, వాడని మాట కనిపిస్తే ఓడవాడు సముద్రంలో బండని తప్పించుకున్నట్టు తప్పించుకో.

సిసిరో దీన్ని ఎంతవరకు పాటించాడో గానీ, తత్వశాస్త్రాన్ని లాటిన్‌లోకి తేవడానికి ఆ బండలనే పోగుచేశాడు. గ్రీకు ‘పొయోటెస్’కి ‘క్వాలిటాస్’ ఆయన అచ్చు వేసిన నాణెం. ఇవాళ మనం బజారులో క్వాలిటీ ఉందా అని అడిగేది సిసిరో పుణ్యమే.


మోడరేటర్
మంగళవారం, ఉదయం 10:00

అన్ని భాషలకీ మూలం ఏది అన్న చర్చ (14 పోస్టులు) వేరే దారానికి మార్చాం. ఇక్కడ లాటిన్ వ్యాకరణం, తత్వశాస్త్రం మాత్రమే. యాస్కుడితో పోలిక తెచ్చిన పోస్టు సందర్భోచితం కాబట్టి ఉంచాం.


అవ్యయం
(మంగళవారం, ఉదయం 8:12న రాసినది)

వర్రో పోస్టు చదివాక ఇది రాయాలనిపించింది. నిరుక్తంలో యాస్కుడు పదాల్ని నాలుగు రకాలన్నాడు: నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. వర్రో కూడా నాలుగే అంటాడు, కానీ కొలబద్ద వేరు: విభక్తి ఉన్నవి, కాలం ఉన్నవి, రెండూ ఉన్నవి, రెండూ లేనివి. ఎంత శుభ్రమైన విభజన! అర్థం జోలికి పోకుండా రూపం మీదే నిలబడ్డాడు. నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయా అని శాకటాయనుడికీ గార్గ్యుడికీ జరిగిన వాదం మాత్రం స్టోయిక్‌ల వ్యుత్పత్తి పిచ్చికి దగ్గరగా ఉంటుంది. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని నేననడం లేదు, ముందే చెప్తున్నా.


లెక్టన్
మంగళవారం, రాత్రి 9:15

మాస్టారూ, ఇప్పుడు మీ అభ్యంతరానికి.

సగం ఒప్పుకుంటాను. బడిలో లాటిన్ వ్యాకరణాన్ని నడిపింది కావ్యాలే, వర్జిల్ లేకుండా పాఠమే లేదు. స్టోయిక్ తత్వవేత్త సెనెకా కూడా తత్వవేత్తల తర్కపు గారడీని వెటకారం చేశాడు: ఎలుక ఒక అక్షరం (లాటిన్‌లో ‘ముస్’), ఎలుక జున్ను కొరుకుతుంది, కాబట్టి అక్షరం జున్ను కొరుకుతుంది. ఇంకోచోట అంటాడు, ఒకే పచ్చికలో ఎద్దు గడ్డి వెతుకుతుంది, కుక్క కుందేలుని, కొంగ బల్లిని. ఒకే పుస్తకంలో తత్వవేత్తా వ్యాకర్తా వేర్వేరు సంగతులు వెతుకుతారని. తత్వశాస్త్రమంతా పదశాస్త్రమైపోయిందని ఆయన ఏడుపు.

కానీ మిగతా సగం ఒప్పుకోను. పట్టిక మీది పేర్లు చూడండి. ప్రిస్కియన్ నామానికి ఇచ్చిన లక్షణం ఏమిటి? ద్రవ్యాన్నీ గుణాన్నీ తెలిపేది. ద్రవ్యం, గుణం! హోమరు కవిత్వంలోంచి వచ్చిన మాటలా ఇవి? ఆయన కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చుని 18 భాగాలు రాశాడు. చివరి రెండూ వాక్యనిర్మాణం మీద. వాటికి ఆధారం 2వ శతాబ్దపు అపొలోనియస్. ఈయనకి ‘డిస్కోలుస్’ అని బిరుదు, అంటే చిరాకుమనిషి. ఆ చిరాకుమనిషి ఆలోచనల్లో స్టోయిక్ పదార్థం పుష్కలం. ప్రిస్కియన్ శిష్యుడు థియొడోరుస్ 526-527లో ఆ గ్రంథానికి ప్రతి రాశాడు. తర్వాత యూరప్ అంతా అదే చదివింది.

సరిగ్గా అదే తరంలో ఇటలీలో బొయేథియస్ అరిస్టాటిల్ తర్కాన్ని లాటిన్‌లో పెట్టాడు. తర్వాతి విద్యార్థి బల్ల మీద ఈ రెండూ పక్కపక్కన పడ్డాయి. ఇంకేముంది! 11వ శతాబ్దంలో ఆన్సెల్ముడు గురుశిష్య సంవాదం ఒకటి రాశాడు. అందులో ప్రశ్న: ‘వ్యాకర్త’ ద్రవ్యమా, గుణమా? వ్యాకర్త మనిషి, కాబట్టి ద్రవ్యమనాలి. కానీ అరిస్టాటిల్ ఆ మాటని గుణానికి ఉదాహరణగా వాడాడు. మాస్టారూ, ఇంతకీ మీరు ద్రవ్యమా, గుణమా?


గుంటూరు_మాస్టారు
మంగళవారం, రాత్రి 10:02

పెన్షన్ కాగితాల మీద ద్రవ్యం. ఇంట్లో మా ఆవిడ దృష్టిలో గుణమే, అదీ దుర్గుణం.

నీ వాదం బలంగానే ఉంది నాయనా. అయినా ఒక మాట. పేర్లు తత్వవేత్తలవి కావచ్చు. ఆ పేర్లు వాడిన పంతుళ్ళకి అర్థం తెలుసా? ‘నిందించే విభక్తి’ అని పదిహేను వందల ఏళ్ళు చెప్పారంటే, తెలియదనే కదా. ‘సర్వనామం’ పాఠం చెప్పినన్నాళ్ళూ అన్నిటికీ చెల్లే పేరు అనే చెప్పాను. ‘సర్వ’తో మొదలయ్యే గణం పాణినిలో ఉందన్న సంగతి రిటైరయ్యాక గానీ తెలీలేదు. తెలియకుండానే వందల మందికి చెప్పాను, వాళ్ళకి మార్కులూ వచ్చాయి.


పాత_సెమినరీ
బుధవారం, ఉదయం 5:50

మాస్టారి మాట నన్ను గుచ్చింది. నేనూ అలా అప్పజెప్పినవాణ్ణే.

డొనాటస్ 4వ శతాబ్దంలో రోమ్‌లో బడి నడిపాడు. బైబిలుని లాటిన్‌లోకి తెచ్చిన జెరోం ఆయన శిష్యుడు. డొనాటస్ చిన్న వ్యాకరణం ప్రశ్నోత్తరాల్లో ఉంటుంది: పదభాగాలెన్ని? ఎనిమిది. ఏవేవి? అని మొదలు. గుటెన్‌బర్గ్ మొదట్లో అచ్చేసినవాటిలో బైబిలుతో పాటు ఈ బడిపుస్తకం కూడా ఉంది. మైంజ్ మీకు పక్క ఊరే కదా మైన్ గారూ, పిల్లని అచ్చు మ్యూజియానికి తీసుకెళ్ళండి.

మీ ఇద్దరి కోసం ఇంకోటి. అగస్టీను 389 ప్రాంతంలో కొడుకు అదెయొదాతుస్‌తో చేసిన సంభాషణని పుస్తకంగా రాశాడు. తండ్రి వర్జిల్ పంక్తి ఒకటి చదివి ఎన్ని పదాలున్నాయి అంటాడు. ఎనిమిది. అన్నీ సంకేతాలేనా? అవును. అయితే మొదటి పదం ‘సి’ (అంటే ‘అయితే’) దేనికి సంకేతం? కుర్రాడు ఆలోచించి, సందేహానికి అంటాడు. బాగుంది. రెండోది ‘నిహిల్’, ఏమీ లేకపోవడం. లేనిదానికి సంకేతం ఎలా ఉంటుంది? కుర్రాడు ఇరుక్కుంటాడు. తండ్రి కూడా ఇరుక్కుని, ‘ఏమీ లేదు’ మనల్ని ఆపేస్తే నవ్వులాటే అని ముందుకు పోతాడు. బడిలో పదాలు విడదీయించే రోజువారీ అభ్యాసం అది. అదే అభ్యాసం ఇంట్లో తండ్రి నోట్లో తత్వశాస్త్రమైంది. ఆ అబ్బాయి ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చదువుతుంటే అది మనసులో మెదులుతూనే ఉంటుంది.


అవ్యయం
బుధవారం, మధ్యాహ్నం 1:33

పలేమోన్ కుర్చీకి తిరిగి వెళ్తే: 1270 ప్రాంతంలో పారిస్‌లో డెన్మార్క్ నుంచి వచ్చిన బొయేథియస్ అనే అధ్యాపకుడు (పైన చెప్పినాయన కాదు) ఆ ‘అబ్బా’ని మళ్ళీ ఎత్తాడు. ఒకే నొప్పి. దాన్ని నామంగా చెప్పొచ్చు, క్రియగా చెప్పొచ్చు, విశేషణంలా చెప్పొచ్చు, మూలుగుగానూ చెప్పొచ్చు. మన భాషలో అయితే నొప్పి, నొచ్చింది, నొస్తున్న, అబ్బా. విషయం ఒకటే, చూపించే తీరు వేరు. ఈ ‘తీరు’ల్ని పట్టుకుని వస్తువు ఉండే తీరు, మనసు గ్రహించే తీరు, మాట తెలిపే తీరు అని మూడంతస్తుల మేడ కట్టారు. వాళ్ళనే మోడిస్టులంటారు. వ్యాకరణం లోకానికి అద్దం అని వాళ్ళ నమ్మకం. నాకైతే అతి అనిపిస్తుంది. లాటిన్ ఒక్క భాషనే చూసి లోకమంతా ఇలాగే ఉందంటే ఎలా?

ఆ బడిలోని ఒక పుస్తకాన్ని మధ్యయుగ తత్వవేత్త డన్స్ స్కోటస్‌దనుకుని జర్మన్ తత్వవేత్త హైడెగర్ 1915లో తన పరిశోధన రాశాడు. ఏడేళ్ళకి గ్రాబ్‌మన్ అనే పండితుడు తేల్చాడు, అది ఎర్‌ఫుర్ట్ థామస్‌ది అని.


గుంటూరు_మాస్టారు
బుధవారం, సాయంత్రం 6:25

ఆ అద్దంలో మన తెలుగు కూడా ఒకసారి ముఖం చూసుకుంది. 1728లో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగు వ్యాకరణం ఒకటి లాటిన్ భాషలో రాశాడు. రెండున్నర శతాబ్దాలు రాతప్రతిగానే ఉండి, 1984లో హాలేలో అచ్చయింది. రోజా, రోజే చదివిన సెమినరీ అబ్బాయికి అది చదవగలిగే యోగం ఉంది, నాకు లేదు.


మైన్_ఒడ్డున
శనివారం, రాత్రి 8:40

వారం రోజులు అన్నీ చదివాను. ఇద్దరం కూర్చుని చదివాం, నేను అనువాదం చేస్తూ.

గంటం ప్రయోగం చేశాం. పెన్సిలు ఎన్నిసార్లు పడేసినా నిలబడలేదు. జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని అట్టముక్క మీద పడేస్తే పదకొండోసారి గుచ్చుకుని నిలబడింది. పిల్ల గంతులేసింది. ఫ్రిజ్ పట్టికలో మొదటి గడి పక్కన నిలబడ్డ వృత్తలేఖిని బొమ్మ గీసింది. నాలుగో గడి పక్కన పిల్లి, కింద ‘నిర్దోషి’ అని జర్మన్‌లో.

ఇప్పుడు కొత్త తగులాట. మంగళవారం ఐదో గడి మీద టెస్టు. అబ్లాటివ్. జర్మన్‌లో అది లేదు. గ్రీకులోనూ లేదని తనే ఎక్కడో చూసింది. "అయితే దీనికి తత్వవేత్త ఎవరూ లేరా?" అంటోంది.


పాత_సెమినరీ
శనివారం, రాత్రి 9:18

లేరమ్మా. అది రోమన్ల సొంతం. వర్రో దాన్ని ఆరో విభక్తి అనీ, లాటిన్ విభక్తి అనీ అన్నాడు.

మీ నాన్నకి వచ్చిన తెలుగు దీనికి చాలు. ‘కత్తితో’, ‘ఊరినుంచి’, ‘ఆ రోజులో’, ఈ మూడూ పాతకాలంలో వేర్వేరు విభక్తులుగా ఉండేవి. లాటిన్‌లో కలిసిపోయి ఒక్క గడిలో కాపురం పెట్టాయి. వాక్యం చదివేటప్పుడు ముందు ‘తో’ పెట్టి చూడు, కుదరకపోతే ‘నుంచి’, అదీ కుదరకపోతే ‘లో’. నేను అలాగే పాసయ్యాను.